కరువు నేల మీద దేవుని రాజ్యం

కొండమీది ప్రసంగంలో యేసు తన శిష్యులను తిండి గురించి, తాగడం గురించి, కట్టుకునే బట్ట గురించి దిగులు పడవద్దన్నాడు. ముందు దేవుని రాజ్యాన్నీ ఆయన నీతినీ వెదకండి, తక్కినవి మీకు దొరుకుతాయి అన్నది మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఆ మాటల సారం. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద, మందిరాల గోడల మీద తరచుగా కనిపించే వాక్యాల్లో ఇదొకటి. అయితే కాలవ నీళ్లు పారే డెల్టా ఊళ్లో దీన్ని చదవడం వేరు, ముదిగుబ్బలో చదవడం వేరు. అనంతపురం నుంచి కదిరికి పోయే దారిలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా ఆకాశం మారలేదు. పడమటి కనుమల చాటున ఉన్నందువల్ల నైరుతి మబ్బులు ఇక్కడికి చేరేసరికి తేలిపోతాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్యపు వానలూ అంతంతమాత్రమే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది, అదీ పైరు అడిగినప్పుడు పడుతుందన్న భరోసా లేదు. ముంగారు వాన కోసం ఎదురుచూసే ఇళ్లలో ఏం తింటాం, ఏం తాగుతాం అనే ప్రశ్న ఏటా జూన్‌లో తలుపు తడుతుంది. దేవుని రాజ్యాన్ని ముందు వెదకడం అంటే ఏమిటో తేల్చుకోవాలంటే ఇలాంటి నేల మీదే తేల్చుకోవాలి. ఇక్కడ నిలవని వ్యాఖ్యానం ఎక్కడా నిలవదని నా నమ్మకం.

ఈ మాటకు మన సంఘాల్లో వినిపించే అర్థాలు చాలా ఉన్నాయి. చనిపోయాక చేరే పరలోకం సంగతి ముందు చూసుకోమన్నారని పాతకాలపు పెద్దలు చెప్పేవారు. హృదయంలో క్రీస్తు ఏలడమే రాజ్యమని ఉజ్జీవ కూడికల్లో చెప్తారు. సంఘాలు పెరగడమే రాజ్యం విస్తరించడమని సువార్త సంస్థలు అంటాయి. కులాన్ని, దోపిడీని ఎదిరించడమే రాజ్యమని దళిత వేదాంతులు అంటారు. దేవునికి ముందు ఇవ్వు, ఆయన నీకు నూరంతలు ఇస్తాడు అని టీవీల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఈ చివరిదాన్ని పక్కన పెడితే తక్కిన అన్నింటిలో నిజం ఉంది, కానీ అవన్నీ ఆ వాక్యాన్ని మధ్యకు విరిచి చదువుతున్నాయి. ఆజ్ఞ ఒకటి, దానికి బహుమానంగా వాగ్దానం మరొకటి అని అనుకోవడంలోనే పొరపాటు ఉంది. రాజ్యాన్ని వెదికే జనం ఒకరి ఆకలిని ఒకరు మోస్తారు. ‘తక్కినవి దొరుకుతాయి’ అన్న మాట చాలావరకు ఆ మోసే చేతుల మీదుగానే నిజమవుతుంది. ఆ చేతులు ముడుచుకున్న చోట వాగ్దానం గోడ మీదే ఉండిపోతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

రాజ్యం అనగానే కోటలు, కిరీటాలు గుర్తొచ్చినా, రాయలసీమ జనం రాజును కొలిచిన కొలత వేరు. పెనుకొండ కోట కన్నా బుక్కరాయసముద్రం చెరువే విజయనగర రాజుల పేరును ఎక్కువ మంది నోట నిలిపింది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒక చెరువు తవ్వకం గురించి, చెరువు వేయించడం ఎంత గొప్ప ధర్మమో దాని గురించి విస్తారంగా చెబుతుంది. నీళ్లు ఇచ్చినవాడే రాజు. బైబిలు కూడా దాదాపు ఇదే గజంతో కొలుస్తుంది. డెబ్బై రెండో కీర్తనలో మంచి రాజు ఎవరంటే దిక్కులేనివాళ్ల మొర విని, వాళ్లను పీడించేవాళ్లను అణిచేవాడు. అలాంటివాడి ఏలుబడిని ఆ కీర్తన కోసిన గడ్డి మీద కురిసే వానతో పోలుస్తుంది. నజరేతు సమాజ మందిరంలో యేసు యెషయా గ్రంథం తెరిచి బీదలకు శుభవార్త, చెరలో ఉన్నవాళ్లకు విడుదల అని చదివి, అది ఈరోజే నెరవేరిందన్నప్పుడు ఆ పాత రాజధర్మాన్నే తన మీద వేసుకున్నాడు. పాశ్చాత్య పండితులు ఈ రాజ్యం ఎప్పుడొస్తుందన్న దాని మీద చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. 1892లో యోహన్నెస్ వైస్ అది లోకాంతంలో దేవుడు తెచ్చేదే అన్నాడు. 1935లో సి. హెచ్. డాడ్ అది యేసు పరిచర్యలో వచ్చేసింది అన్నాడు. తర్వాతి తరం వచ్చింది నిజమే, పూర్తి కావలసింది కూడా నిజమే అని సర్దుకుంది. ఆ చర్చ అవసరమైనదే గానీ, ఎప్పుడు అన్న ప్రశ్న మీద పెట్టినంత దృష్టి, ఆ రాజు ఏలుతున్నాడని బీదవాడికి ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్న మీద పెట్టలేదు.

లేఖనాల్లో ఆధారం వెతికితే ఇది తేటగా కనిపిస్తుంది. మత్తయిలో దిగులు గురించిన మాటలకు ముందు యేసు నేర్పిన ప్రార్థన ఉంది. అందులో రాజ్యం రావాలి, దేవుని చిత్తం నెరవేరాలి అన్న మనవుల వెంటనే రొట్టె కోసం మనవి వస్తుంది, ఆ రొట్టెను అడిగేది ఒక్కడి కోసం కాదు, అందరి కోసం. లూకా ఇదే బోధను పన్నెండో అధ్యాయంలో చెప్తూ, దానికి ముందు కొట్లు కూలగొట్టి ఇంకా పెద్దవి కట్టుకోవాలనుకున్న ధనవంతుడి కథ పెట్టాడు, తర్వాత ఆస్తులు అమ్మి ధర్మం చేయమన్న మాట పెట్టాడు. అంటే దిగులు పడవద్దు అన్న ఓదార్పు, కూడబెట్టవద్దు అన్న హెచ్చరిక, పంచండి అన్న ఆజ్ఞ ఒకే ఊపిరిలో వచ్చాయి. మనం మొదటి ముక్కను క్యాలెండరుకు ఎక్కించి, తక్కిన రెండింటినీ పుస్తకంలోనే వదిలేశాం. పొలంలో దాచిన నిధి దొరికినవాడు సంతోషంతో ఉన్నదంతా అమ్మి ఆ పొలం కొన్నాడని మత్తయి పదమూడో అధ్యాయంలో ఉంది. రాజ్యానికి విలువ కట్టడం అంటే అదే. యేసు దగ్గరికి వచ్చిన ధనవంతుడైన యువకుడికి కూడా నిధి కనిపించింది, కానీ ధర విని వెనక్కి తిరిగాడు. ఆ ధర ఏమిటో మరచిపోకూడదు. అమ్మిన సొమ్ము గుడికి కాదు, బీదలకు ఇమ్మన్నాడు.

తొలి సంఘం ఈ బోధను ఎలా అర్థం చేసుకుందో చూడటానికి మంచి సాక్ష్యం కరువే. అపొస్తలుల కార్యాలు పదకొండో అధ్యాయంలో అగబు అనే ప్రవక్త గొప్ప కరువు రాబోతోందని చెప్తాడు. క్లౌదియ చక్రవర్తి కాలంలో అది వచ్చిందని లూకా రాశాడు. అంతియొకయ సంఘం ఏం చేసింది? రాజ్యాన్ని వెదికితే అన్నీ దొరుకుతాయి కదా అని యూదయ విశ్వాసులకు వాక్యం రాసి పంపలేదు. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు చందా వేసుకుని, బర్నబా, సౌలుల చేత పంపించింది. ఆ సౌలే పౌలై, తర్వాత ఏళ్ల తరబడి మాసిదోనియ, అకయ సంఘాల్లో తిరిగి యెరూషలేము బీదల కోసం చందా పోగుచేశాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో మాసిదోనియ వాళ్లు తాము నిరుపేదలై ఉండి కూడా ఇవ్వనివ్వమని బతిమాలారని చెప్తాడు. వెంటనే అరణ్యంలో కురిసిన మన్నాను గుర్తుచేస్తాడు. ఎక్కువ ఏరినవాడికి మిగలలేదు, తక్కువ ఏరినవాడికి తక్కువ కాలేదన్న పాత సంగతిని ఆయన ఆకాశం వైపు చూపించడానికి వాడలేదు, కొరింథు వాళ్ల సంచుల వైపు చూపించడానికి వాడాడు. ఒకప్పుడు దేవుడు మన్నాతో సమం చేశాడు, ఇప్పుడు మీ చేతులతో సమం చేయిస్తున్నాడన్నది పౌలు తర్కం. ఈ ఒక్క చోటు తెలిస్తే మత్తయి ఆరో అధ్యాయం మీద సగం అపోహలు తొలగిపోతాయి.

ఇక్కడ రైతు అడిగే ప్రశ్న ఒకటుంది. పక్షులు విత్తవు, కోయవు అని యేసు అన్నాడు కదా, మరి మేం విత్తకుండా కూర్చోవాలా? ముదిగుబ్బ ఎర్రనేలల్లో శనక్కాయ విత్తే ఇంటి లెక్క ఎలా ఉంటుందో చూస్తే ఈ ప్రశ్నలోని బరువు తెలుస్తుంది. నిరుటి పంట ఎండిపోయింది, ఇంట్లో దాచిన విత్తనం కాయలు లేవు. సబ్సిడీ విత్తనం కోసం పాసుపుస్తకం పట్టుకుని వరసలో నిలబడాలి, లేదా వడ్డీకి తెచ్చి కొనాలి. దుక్కి దున్ని ఉంచారు. ఒక మంచి పదును వాన పడింది. ఇప్పుడు గొర్రు కడితే తర్వాతి వాన పదిహేను రోజుల్లో రావాలి, రాకపోతే మొలక మాడి విత్తనమూ పోయి అప్పూ మిగులుతుంది. కట్టకపోతే పదును ఆరిపోతుంది. విత్తనం దంచుకుని తినేస్తే ఈ నెల గడుస్తుంది, ఏడాది పోతుంది. ఇలాంటి ఇంటి పెద్దకు దిగులు పడవద్దని చెప్పడం తేలిక. యేసు రైతుల మధ్య పెరిగినవాడు. విత్తువాడి ఉపమానంలో రాతినేల మీద పడిన విత్తనం మొలిచి, వేరు లేక ఎండిపోవడం ఆయనకు తెలుసు. ముందు చూపును ఆయన ఎక్కడా తప్పు పట్టలేదు. బురుజు కట్టేవాడు ఖర్చు లెక్క వేసుకోడా అని తానే అడిగాడు. ఆయన కాదన్నది దిగులు యజమాని కావడాన్ని. దిగులు యజమాని అయితే మనిషి మొట్టమొదట కోసేది పక్కవాడి వాటానే. అమ్మకానికి తూకం తగ్గిస్తాడు, కూలి ఎగ్గొడతాడు, పక్క చేను ఎండుతున్నా ఇంకా లోతుకు బోరు దించుతాడు. ఈ పీఠభూమిలో బోర్ల మీద బోర్లు వేసి కింద నీటిని పోటీ పడి లాగేసుకున్న తీరు ఆ దిగులుకు రుజువు. ఒంటరిగా తప్పించుకోవాలనుకున్న ప్రతి రైతూ అందరినీ ఇంకొంచెం లోతుకు దింపాడు. అందులో ఏ ఒక్కరినీ నిందించలేం, ఎందుకంటే కలిసి మోసే ఏర్పాటు లేనప్పుడు ఎవరి ప్రాణం వాళ్లే చూసుకుంటారు. యేసు ఆజ్ఞ ఆ ఏర్పాటును ముందు పెట్టమంటోంది.

కానుక విత్తనం లాంటిది, వేస్తే నూరంతలు పండుతుందన్న బోధ కరువు ప్రాంతాల్లో ఎందుకు పాకుతోందో నాకు అర్థమవుతుంది. అది నిరాశలో ఉన్నవాళ్లకు ఒక లెక్క చూపిస్తుంది, వాళ్లూ ఏదో ఒకటి చేయగలరని చెప్తుంది. అయినా అది తప్పు, క్రూరం కూడా. అది రాజ్యాన్ని సాధనం చేసి, అన్నాన్ని లక్ష్యం చేస్తుంది, అంటే యేసు చెప్పిన వరసను తలకిందులు చేస్తుంది. పండకపోతే నీ విశ్వాసం చాలలేదని తేల్చి, అప్పు మీద అపరాధ భావం వడ్డీగా వేస్తుంది. సంఘం ఆ ఇంటికి బాకీ ఉన్నదాన్ని ఆ ఇల్లే దేవునికి బాకీ ఉన్నట్టు చూపిస్తుంది. ఇంతకన్నా ఎక్కువ దాని గురించి చెప్పవలసిన పని లేదు.

అన్నం కోసం రాజ్యాన్ని వెదకడం, రాజ్యం కోసం అన్నాన్ని వదులుకోవడం, ఈ రెండింటి మధ్య తేడా తెలుగు నేల మీద ఒకసారి పెద్ద ఎత్తున పరీక్షకు వచ్చింది. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని కబళించిన కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలాది మందికి కూలి పని చూపించాడు. పనికి వచ్చినవాళ్లలో ఎక్కువ మంది మాదిగలు. పగలు మట్టి మోసి, విరామంలో బోధకుల మాటలు విన్నవాళ్లు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లఫ్ ఇవ్వలేదు. కరువు సాయం నడుస్తున్న సుమారు పదిహేను నెలలు ఆపేశాడు. తిండి కోసం వస్తున్నారో, విశ్వాసంతో వస్తున్నారో తేలాలన్నాడు. సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉంటే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ సంఖ్యను మన వాళ్లు ఘనంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ పదిహేను నెలలే ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. సాయాన్ని ఎర చేయకుండా, సాయం చేయడం మానకుండా ఉండడం ఎంత కష్టమో ఆ నెలలు చూపిస్తాయి.

ఆ జనం చెల్లించిన ధర కూడా లెక్కలోకి రావాలి. తాళ్లకొండపాడు వాడైన యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందినప్పటి నుంచి ఆ మాదిగ పల్లెల్లో విశ్వాసులు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు: ఆదివారం పని చేయకపోవడం, చచ్చిన గొడ్డు మాంసం తినకపోవడం, విగ్రహాలకు మొక్కకపోవడం. మొక్కకపోవడం అంటే జాతరలో డప్పు కొట్టకపోవడం కూడా. డప్పు మానితే ఊరి మీద హక్కుగా వచ్చే మేర పోతుంది. ఆదివారం రానంటే కాపు ఇంట పని పోతుంది. చచ్చిన గొడ్డు వద్దంటే కరువు కాలంలో దొరికే ఆ కాస్త మాంసమూ పోతుంది. ఊరి పెద్దలు కోపించి నీళ్లు, దారులు, పనులు కట్టడి చేసిన సందర్భాలు మిషను చరిత్రల నిండా ఉన్నాయి. అన్నం కోసమే వీళ్లు మతం మారారన్న ఆరోపణ ఈ వాస్తవాల ముందు నిలవదు. అందరూ ఒకే ఉద్దేశంతో వచ్చారని నేను అనడం లేదు. ఏ జన ఉద్యమంలోనూ అలా ఉండదు. గౌరవం కోసం రావడాన్ని మాత్రం ఆత్మీయం కాని కోరికగా చూడడం అన్యాయం. తన్ను మనిషిగా లెక్కించే రాజును వెదకడం కన్నా దేవుని నీతిని వెదకడం ఇంకేమిటి? 1930లలో గాంధీ హరిజనుల సామూహిక మతమార్పిడిని గట్టిగా ప్రశ్నించినప్పుడు దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య ఇచ్చిన సమాధానం కూడా ఈ దిశలోనే ఉంది. గాంధీ ఆందోళనలో నిజాయితీ ఉంది. పేదవాడికి కూడా తన ఆత్మ గురించి తాను నిర్ణయించుకునే బుద్ధి ఉందన్న సంగతిని ఆయన తక్కువగా అంచనా వేశాడని నేననుకుంటాను.

1912లో బిషప్పై, మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా నిలిచిన అజరయ్య ఇంకో పని చేశాడు. తన దోర్నకల్ సంఘాల్లోని కూలీలను, అంటరానివాళ్లుగా బతికినవాళ్లను ఇచ్చేవాళ్లుగా తయారుచేయాలని పట్టుబట్టాడు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, ఆదివారం దాన్ని మందిరానికి తేవడం తెలుగు సంఘాల్లో ఇల్లాళ్లకు అలవాటయింది. పొయ్యి దగ్గర, ఆకలితో ఉన్న పిల్లల ముందు జరిగే పని అది. కుండలో బియ్యం తక్కువైన రోజున పిడికిలి చిన్నదవుతుంది, కానీ తీయడం ఆగదు. సాయం అందుకోవడానికే పుట్టారని ఊరంతా అనుకున్న జనం తమకన్నా లేనివాడి కోసం పక్కన తీసిపెట్టే స్థాయికి ఎదగడం, మాసిదోనియ సంఘాల కథ తెలంగాణ మట్టిలో మళ్లీ జరగడమే.

ముదిగుబ్బకు దగ్గర్లోనే, అనంతపురం దారిలో ఉన్న బత్తలపల్లిలో 2000లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి ఈ చర్చను మరో మలుపు తిప్పుతుంది. దాన్ని స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టి, 1952లో జెసూట్‌గా ఇండియాకు వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులకు గోధుమలు, నూనె ఇచ్చి బావులు తవ్వించాడు. 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. 1969లో తిరిగి వచ్చి ఎవరూ కోరుకోని అనంతపురాన్ని ఎంచుకున్నాడు. 1970లో జెసూట్ సంఘాన్ని వదిలి, అన్నె పెర్రీని పెళ్లి చేసుకుని, 2009లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆ ట్రస్టు మత ప్రచారం చేయదు. దళితవాడల్లో ఇళ్లు, బడులు, వికలాంగులకు పాఠశాలలు, ఆసుపత్రులు దాని పని. దేవుని సంరక్షణను, మనిషి చేసే పనిని ఆయన బలంగా నమ్మేవాడు. ఇది దేవుని రాజ్యమా, సమాజసేవా? సువార్త చెప్పని చోట రాజ్యం ఎక్కడిదని కొందరు విశ్వాసులు అడుగుతారు. యేసు మత్తయి ఇరవై అయిదో అధ్యాయంలో గొర్రెలను, మేకలను వేరుచేసిన తీరు చూస్తే ఆ ప్రశ్న అడగడానికి జంకు కలుగుతుంది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టినవాళ్లు తాము రాజుకే పెట్టామని ఎరగరు, రాజు ఎరుగుతాడు.

నెల్లూరులో 1886లో పుట్టిన పి. చెంచయ్య, సంఘం బయట రాజ్యం ఉంటుందా అన్న ఈ ప్రశ్నను మన భాషవాళ్లలో అందరికన్నా సూటిగా అడిగినవాడు. న్యాయవాదిగా, పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పని చేసిన ఈయన, 1938 డిసెంబరులో తాంబరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు ముందు, తన బావమరిది చక్కరై తదితరులతో కలిసి క్రైస్తవాన్ని భారతదేశంలో కొత్తగా ఆలోచించాలన్న గ్రంథం తెచ్చాడు. యేసు రాజ్యాన్ని ప్రకటిస్తే మనం దాని స్థానంలో సంఘాన్ని కూర్చోబెట్టామన్నది ఆయన ఫిర్యాదు. అందులో నిజం ఉంది. మన డయాసిస్‌ల ఆస్తి తగాదాలు, ఎన్నికల వర్గాలు, కోర్టు కేసులు చూసినవాళ్లెవరూ సంఘమే రాజ్యమని అనలేరు. అయినా చెంచయ్యతో నేను చివరిదాకా పోలేను. సంఘం లేకుండా రాజ్యాన్ని వెదికేవాడు ఒంటరివాడవుతాడు. ఒంటరిగా వెదికితే అన్నాన్ని పంచుకునే చేతులు దొరకవు. రాజ్యం సంఘం కన్నా పెద్దది. కానీ రాజ్యం నిజమేనా అని బీదవాడు పరీక్షించి చూసే మొదటి చోటు సంఘమే.

దీనికి ఎదురుగా లోతైన అభ్యంతరం ఒకటి ఉంది. ఇలా చెప్పుకుంటూ పోతే రాజ్యం తిండీ బట్టల లెక్కగా మిగిలిపోదా? రాజ్యం తినడంలో తాగడంలో లేదని, నీతిలో, సమాధానంలో, పరిశుద్ధాత్మలో దొరికే ఆనందంలో ఉందని పౌలే రోమీయులకు రాశాడు. 1903లో పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి, హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా తెలుగు నేలంతా సంఘాలు స్థాపించి, 2000లో కన్నుమూసిన భక్తసింగ్ జీతం లేకుండా, తన అవసరాలు మనుషులకు చెప్పకుండా, ప్రార్థన మీదే ఆధారపడి బతికాడు. ఆ విశ్వాసాన్ని నేను తగ్గించను. కానీ పౌలు ఆ మాట రాసిన సందర్భం భోజనపు బల్ల దగ్గర ఒక విశ్వాసి మరొకడిని గాయపరచకూడదన్నదే. ఆత్మీయమైన రాజ్యం అన్నాన్ని చిన్నది చేయడం లేదు, తోటివాడిని అన్నం కన్నా పెద్దవాణ్ని చేస్తోంది. భక్తసింగ్ కూడికల్లో కూడా వేలమంది రోజుల తరబడి కలిసి తిని, కలిసి ప్రార్థించారు. ఆయనకు దొరికినవి ఎవరి చేతుల మీదుగా దొరికాయో చూస్తే వాదం మళ్లీ అక్కడికే వస్తుంది. దేవుడు ప్రేరేపించాడు, మనుషులు తెచ్చి ఇచ్చారు.

ఇక అన్నింటికన్నా కఠినమైన అభ్యంతరం. రాజ్యాన్ని ముందు పెట్టినవాళ్లు కూడా ఆకలితో చచ్చారు కదా. 1877లోనూ చచ్చారు, అప్పుల్లో మునిగిన అనంతపురం రైతుల ఆత్మహత్యల్లోనూ ప్రార్థన తెలిసిన ఇళ్లు ఉండకపోవు. దీనికి తేలిక జవాబు లేదు, ఉన్నట్టు నటించడం పాపం. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం కూడా వాగ్దానం అనుభవించకుండానే విశ్వాసంతో చనిపోయినవాళ్ల గురించి చెప్తుంది. యాకోబు పత్రిక మాత్రం నింద ఎక్కడ వేయాలో దాచలేదు. అన్నం లేని సహోదరుడితో వెచ్చగా ఉండు, తృప్తిగా తిను అని చెప్పి పంపేసే విశ్వాసం చచ్చిందన్నాడు. వాగ్దానం తప్పిన చాలా చోట్ల తప్పింది సంఘమే. మన సంఘాలు తప్పడానికి పెద్ద కారణం కులం. మాల సంఘం వేరు, మాదిగ సంఘం వేరు అయిన ఊళ్లు తెలుగు నాట ఎన్నో ఉన్నాయి. పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు దళిత క్రైస్తవుల ఇంట పిల్లనివ్వరు, కొన్ని చోట్ల సమాధుల దొడ్డి కూడా పంచుకోరు. యెరూషలేము సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు రోజువారీ భోజనంలో అన్యాయం జరుగుతోందని ఫిర్యాదు వస్తే, అపొస్తలులు దాన్ని చిన్న గొడవగా చూడలేదు. సంఘం చేత ఏడుగురిని ఎన్నిక చేయించి ఆ పనికి పెట్టారు. ఎన్నికైనవాళ్ల పేర్లు గ్రీకు పేర్లే. అన్యాయానికి గురైన వర్గం చేతికే వడ్డన అప్పగించారన్న మాట. మన పాస్టరేటు కమిటీల్లో ఈ పద్ధతి ఎంతవరకు ఉందో ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు.

రాజ్యానికి చెల్లించే ధర ఇప్పుడు ప్రభుత్వ కాగితం మీద కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సి కింద, ఒక్క శాతం రిజర్వేషనుతో ఉంచారు. మతం మారితే కులం పోతుందని చట్టం అంటుంది, ఊరు మాత్రం పోనివ్వదు. అందుకే ఆదివారం మందిరానికి వచ్చి, సోమవారం ఆఫీసులో హిందూ మాలగానో మాదిగగానో సర్టిఫికెట్ తీసుకునే కుటుంబాలు ఉన్నాయి. వీళ్లు రాజ్యాన్ని రెండోదిగా పెట్టారని తీర్పు చెప్పే పాస్టర్లను నేను ఒప్పుకోలేను. యేసు ఉన్నదంతా అమ్మమన్నది ఆస్తి ఉన్న యువకుడికి. కూతురి కాలేజీ సీటు తప్ప ఇంకేమీ లేని తల్లికి అదే మాట చెప్పేవాడు, ముందు తన దగ్గరున్నది అమ్మి ఆ ఫీజు కట్టాలి. ఒప్పుకోలు సత్యంగా ఉండాలన్నది నిజమే. ఆ సత్యానికి అయ్యే ఖర్చును బీదవాడి మీదే వేసి, సంఘంలోని ఉద్యోగస్తులు, ఆస్తిపరులు పక్కన నిలబడితే అది పరిసయ్యుల పద్ధతి. ఈ చట్టంలోని అన్యాయాన్ని సరిచేయమని అడగడం కూడా నీతిని వెదకడంలో భాగమే.

ఈ వాదమంతా ఆచరణలో ఎక్కడ తేలుతుందంటే సంఘం లెక్కల పుస్తకంలో. రాయలసీమ సంఘాల్లో కోత పండుగ ఏటా జరుగుతుంది. శనక్కాయల మూటలు, కందులు, గుమ్మడికాయలు, కోళ్లు, ఒక్కోసారి మేకపిల్ల, బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం. బజారులో మూడు వందలు చేసే కోడిని భక్తి కొద్దీ రెండు వేలకు పాడేవాళ్లుంటారు, పాడి మళ్లీ సంఘానికే ఇచ్చి రెండోసారి వేలం వేయించేవాళ్లుంటారు. ఎంతో ఆనందంగా జరిగే పండుగ అది. వచ్చిన సొమ్ము మామూలుగా డయాసిస్ వాటాకో, ప్రహరీ గోడకో, మైకు సెట్టుకో పోతుంది. ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయంలో మూడో ఏటి దశమభాగాన్ని దేవుడు ఏర్పరచుకున్న చోటికి తీసుకుపోకుండా ఊళ్లోనే ఉంచి, లేవీయులకు, పరదేశులకు, దిక్కులేని పిల్లలకు, విధవరాళ్లకు పెట్టమన్న ఏర్పాటు ఉంది. ముదిగుబ్బ లాంటి చోట సంఘాలు దీన్ని అక్షరాలా పాటించవచ్చు. మూడేళ్లకొకసారి కోత పండుగ సొమ్మంతా, ఇతర ఏళ్లలో అందులో ఒక వంతు, విత్తనం కాయలకు కేటాయించి, అందులో సంఘస్థులు, కానివాళ్లు, ఏ కులం అన్న తేడా లేకుండా విత్తనం లేని ఇళ్లను గుర్తించే పనిని ఆ వాడల నుంచే ఎన్నుకున్న వాళ్లకు అప్పగించాలి. ఆ కాయలు మే నెలాఖరుకే ఇళ్లకు చేరాలి. ముంగారు వాన పడ్డాక ఇచ్చే సాయం వడ్డీ వ్యాపారి చేతికి పోతుంది.